ఆరుగురి స్టూడియోకి ఏడో మనిషి కావలెను

ఈ మధ్య ఒక సిద్ధాంతం బాగా చెలామణీలో ఉంది. కంపెనీలో ముగ్గురున్నా, ముప్పై మందున్నా, మూడు వేల మందున్నా సరే, రిక్రూట్‌మెంట్ సాఫ్ట్‌వేర్ లేకపోతే మంచి ఉద్యోగి గుమ్మం దాకా వచ్చి కూడా వెనక్కి తిరిగి వెళ్లిపోతాడట. ఈ మాట చెప్పేది ఎవరయ్యా అంటే ఆ సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లు. అందులో వింతేం లేదు, వాళ్ల సరుకు వాళ్లు పొగుడుకుంటారు. వింతల్లా నమ్మేవాళ్లది. నిన్నటిదాకా "బ్రో, మన దగ్గర ఒక ఖాళీ ఉంది, ఎవరైనా ఉంటే చెప్పు" అని వాట్సాప్‌లో ఒక ముక్క పెట్టి, మనిషిని తెచ్చుకుని, ఇద్దరూ కలిసి చాయ్ తాగి పని మొదలుపెట్టిన చిన్న స్టూడియోలవాళ్లే ఇవాళ "మాకొక సిస్టమ్ కావాలి" అంటున్నారు.

వికారాబాద్‌లో ఒక వీడియో గేమ్ స్టూడియో పెట్టారని ఊహించుకుందాం. నవ్వకండి. గేమ్ చేయడానికి సముద్రం అక్కర్లేదు, రేవు అక్కర్లేదు. నాలుగు కంప్యూటర్లు, ఆగని కరెంటు, నిద్రపోని మనుషులు ఉంటే చాలు. పక్కనున్న హైదరాబాద్‌లో ఈ పని ఎప్పుడో పాతుకుపోయింది. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ అంతటి అమెరికా కంపెనీకి అక్కడ స్టూడియో ఉంది. ఓగర్ హెడ్ అనే చిన్న స్టూడియో "అసుర" అనే ఆటను 2017లో విడుదల చేసి దేశమంతా పేరు తెచ్చుకుంది. యానిమేషన్, గేమింగ్ వాళ్ల కోసం రాయదుర్గంలో ఇమేజ్ టవర్‌కు పునాదిరాయి పడింది కూడా ఆ ఏడాదే. ఆ రాయదుర్గం అద్దెలు భరించలేని ఆరుగురు మిత్రులు సామాను సర్దుకుని వికారాబాద్ జంక్షన్‌లో దిగారనుకోండి. ఎన్నెపల్లి వైపు మేడ మీద రెండు గదులు. కింద పురుగుమందుల దుకాణం, పైన గేమ్ స్టూడియో. అనంతగిరి గుట్ట గాలి ఉచితం. "వికారాబాద్ కా హవా, లాఖ్ మరీజోం కా దవా" అని పాతకాలపు మాట ఒకటుంది. క్షయ రోగుల కోసం ఆ గుట్ట మీద ఆసుపత్రి వెలిసింది ఆ గాలిని నమ్ముకునే. కానీ ఆ గాలి పనిచేసేది ఊపిరితిత్తుల మీదే. స్టార్టప్ జబ్బుకు దానివల్ల గుణం కనిపించిన దాఖలా లేదు.

ఆరుగురిలో ఇద్దరు ప్రోగ్రామర్లు, ఒకరు త్రీడీ ఆర్టిస్టు, ఒకరు డిజైనర్, ఒకరు సౌండ్. ఆరోవాడు ఫౌండర్. ఆయన పనేమిటని అడిగితే మిగతావన్నీ అంటాడు. వీళ్లకిప్పుడు ఇంకో ప్రోగ్రామర్ కావాలి. ఒక్కడు. రెండో వాడికి జీతమివ్వడానికి డబ్బు కూడా లేదు.

ఇక్కడిదాకా కథ బాగానే ఉంది. ఒక శుక్రవారం ఫౌండర్ గారు "మనం ప్రొఫెషనల్‌గా ఉండాలన్నా" అన్నాడు. ఆ మాట విన్న చోట ఖర్చు తప్పదు.

ముందు షీటు తెరిచారు. అడ్డంగా సాఫ్ట్‌వేర్ల పేర్లు, నిలువుగా వాటి గుణగణాలు. గ్రీన్‌హౌస్, లీవర్, వర్కబుల్, యాష్‌బీ అనే పరదేశీయులు. జోహో రిక్రూట్ అనే చెన్నై చుట్టం. కేకా, డార్విన్‌బాక్స్ అనే మన హైదరాబాదీలు. వీటిలో దేన్నీ నేను తిట్టబోవడం లేదు. ఏడాదికి వేల మందిని చేర్చుకునే చోట ఇలాంటివి లేకపోతే హెచ్ఆర్ వాళ్లు బతకలేరు. డార్విన్‌బాక్స్ 2022 జనవరిలో వంద కోట్ల డాలర్ల కంపెనీ అయిందంటే ఊరికే కాలేదు, అవసరం ఉన్నవాళ్లు కొన్నారు. అసలీ జాతి సాఫ్ట్‌వేర్ పుట్టుకే అలాంటిది. 1988లో అమెరికాలో రెజ్యూమిక్స్ అనే కంపెనీ మొదలైంది. గుట్టలుగా వచ్చిపడే కాగితపు రెజ్యూమేలను స్కాన్ చేసి, అందులోంచి పేరు, చదువు, నైపుణ్యాలు ఏరి పెట్టడం దాని పని. అంటే రోగం మొదట గుట్ట, మందు తర్వాత యంత్రం. మనవాళ్లకు గుట్ట లేదు. అందుకని ముందు యంత్రం కొని, తర్వాత గుట్ట కోసం ఎదురుచూస్తున్నారు.

డెమో కాల్ వచ్చింది. అవతల అమ్మాయి మర్యాదగా అడిగింది.

"ఈ సంవత్సరం మీ హైరింగ్ ఎంత ఉండొచ్చు సర్?"

"ఒకటి."

"ఒక వందా సర్?"

"ఒక్కరు."

లైన్ కట్టయిందేమో అన్నంత నిశ్శబ్దం. తర్వాత తేరుకుని, "పర్లేదు సర్, గ్రోత్ గురించి ఆలోచించండి. మూడేళ్లలో మీరు మూడొందల మంది అవుతారు" అంది. ఫౌండర్ కళ్లు చెమర్చాయి. వాళ్లమ్మ కూడా వాడి మీద ఏనాడూ అంత నమ్మకం పెట్టలేదు.

ధర ఎంతో పేజీలో ఉండదు. చాలావాటికి "మమ్మల్ని సంప్రదించండి" అని ఒక మీట ఉంటుంది. నొక్కితే ధర రాదు, మనిషి వస్తాడు. ఆ మనిషి మన బడ్జెట్ అడుగుతాడు. మన బడ్జెట్ చెప్పాక, ఆశ్చర్యంగా, ధర కూడా అదే అవుతుంది. మన ఫౌండర్ చివరికి ఏదో ఒకదాని ఉచిత ప్లాన్‌లో చేరాడు. పేరు చెప్పను, ఏదైనా కథ ఇంతే.

తర్వాతి ఘట్టం పైప్‌లైన్. అంటే అభ్యర్థి ఎక్కి రావలసిన మెట్లు. సాఫ్ట్‌వేర్ తయారుగా ఇచ్చిన మెట్లు ఏడు. దరఖాస్తు, వడపోత, ఫోన్, పరీక్ష, టెక్నికల్ ఇంటర్వ్యూ, కల్చర్ ఇంటర్వ్యూ, ఆఫర్. ఆరుగురున్న స్టూడియోలో ఏడు మెట్లు. మెట్టుకొకరు నిలబడ్డా ఒక మెట్టు ఖాళీగా ఉంటుంది. కల్చర్ ఇంటర్వ్యూలో ఏం అడగాలని పెద్ద చర్చ. ఆ స్టూడియోకున్న కల్చరల్లా మధ్యాహ్నం మూడింటికి కిందికి దిగి చాయ్ తాగడం. అభ్యర్థి చాయ్ తాగుతాడా లేదా అన్నదానికి ఐదు నక్షత్రాల స్కోర్‌కార్డు తయారైంది.

ఇదంతా ఎవరు అమర్చాలి? త్రీడీ ఆర్టిస్టుకు రంగులు తెలుసు, ఇంగ్లిష్ కూడా నలుగురికన్నా నయం. "కెరీర్ పేజీ నువ్వు చూస్కో తమ్మీ" అన్నారు. గేమ్‌లో విలన్‌కు ముఖం చెక్కాల్సిన మనిషి ఆ రోజు నుంచి దరఖాస్తు ఫారంలో మీటలు గుండ్రంగా ఉండాలా, పలకగా ఉండాలా అని చూస్తున్నాడు. విలన్ ఇప్పటికీ ముఖం లేకుండానే తిరుగుతున్నాడు.

ఇప్పుడు రైలెక్కి తాండూరు వెళదాం. అక్కడొక పిల్లగాడున్నాడనుకుందాం. నాన్న నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్‌లో పనిచేస్తాడు. ఊరి శివారులో రెండెకరాల కంది. తాండూరు కందిపప్పుకు 2022లో జీఐ గుర్తింపు వచ్చిందని పేపర్లో చూసి సంతోషించారు గానీ ఇంట్లో పెద్దగా మారిందేం లేదు. పిల్లగాడు డిప్లొమా చేసి, ఎవరో వాడి వదిలేసిన లాప్‌టాప్ మీద, యూట్యూబ్ చూసుకుంటూ ఆటలు తయారుచేసే యూనిటీ అనే సాఫ్ట్‌వేర్ నేర్చుకున్నాడు. ఒక ఆట తయారుచేశాడు. పేరు "బండల లారీ".

ఆట ఇదీ. లారీ మీద నాపరాళ్లు నిలువుగా పేర్చి ఉంటాయి. తాండూరు నుంచి హైదరాబాద్ చేర్చాలి. టైరు గుంతలో పడితే వెనక వరుసలో బండ పగులుతుంది. గట్టిగా బ్రేకు కొడితే ముందు వరుస జారుతుంది. మెల్లగా పోతే టైం అయిపోతుంది. చివరికి ఎన్ని బండలు మిగిలితే అన్ని మార్కులు. లారీ బరువు, బండ బరువు, స్ప్రింగు పట్టీల ఊపు, గుంత లోతు అన్నీ లెక్కలోకి తీసుకుని, అదంతా ఆరేడు వేల రూపాయల ఫోన్ మీద కూడా తడబడకుండా నడిచేలా చేశాడు. గేమ్ ప్రోగ్రామింగ్ అంటే చాలావరకు ఇదే, తక్కువ ఫోన్‌లో ఎక్కువ పని చేయించడం. బండ పగిలినప్పుడు వచ్చే చప్పుడు ఇంటర్నెట్‌లో దొరికింది కాదు. నాన్న పనిచేసే యూనిట్‌కు పోయి, పగిలే బండ కోసం కాచుకుని ఫోన్‌లో పట్టుకొచ్చాడు. రెండో లెవల్‌లో వర్షం వస్తుంది, గుంతలు నీళ్లతో నిండి కనపడవు. ఆ ఒక్క లెవల్ ఆడితే చాలు, వీడికి ఆట అంటే ఏమిటో తెలుసని అర్థమవుతుంది. తాండూరు రోడ్డు మీద బండి నడిపినవాడు కనీసం ఒకసారి కళ్లు తుడుచుకుంటాడు.

వికారాబాద్‌లో గేమ్ స్టూడియో అంటే ఎగిరి గంతేశాడు. లింక్ నొక్కాడు. ఫారం తెరుచుకుంది.

రెజ్యూమే ఎక్కించమంది. ఎక్కించాడు. ఎక్కించాక, ఆ రెజ్యూమేలో ఉన్నదంతా మళ్లీ పెట్టెల్లో టైపు చేయమంది. చేశాడు. మొదటి పేరు, చివరి పేరు అడిగింది. సర్టిఫికెట్లలో వాడి ఇంటిపేరు ఒకే అక్షరం. "కనీసం రెండు అక్షరాలు ఉండాలి" అని ఎర్రగా కోప్పడింది. చుక్క పెట్టి చూశాడు, ఒప్పుకోలేదు. అదే అక్షరం రెండుసార్లు కొట్టి వంశాన్ని కాస్త పొడిగించాడు. తర్వాత ప్రశ్న, ఈ దేశంలో పనిచేయడానికి మీకు వీసా స్పాన్సర్‌షిప్ కావాలా? తాండూరు నుంచి వికారాబాద్‌కు దారిలో రుక్మాపూర్, ధారూర్ స్టేషన్లున్నాయి, ఇమ్మిగ్రేషన్ కౌంటర్ అయితే ఎక్కడా లేదు. తర్వాతి ప్రశ్న ఇంకా గొప్పది. మీరు సైన్యంలో పనిచేసి వచ్చిన రక్షిత మాజీ సైనికులా? అవును, కాదు, చెప్పదలచుకోలేదు.

పక్కనున్న దోస్తు ఎగబడి చూశాడు. "అరేయ్, మిలట్రీ అంటున్నడేందిరా? దామగుండంల నేవీ రాడార్ వస్తున్నది గదా, గా పనేమో!"

"గేమ్ కంపెనీరా బై."

"మరి తుపాకుల గేమేమో. కాదని కొట్టకు, తీస్కోరు."

కాసేపు ఆలోచించి "చెప్పదలచుకోలేదు" నొక్కాడు. దేశ రహస్యాలు కాపాడినట్టయింది.

ఈ ప్రశ్న ఎందుకొచ్చిందంటే, అమెరికాలో ప్రభుత్వ కాంట్రాక్టులు చేసే కంపెనీలు మాజీ సైనికుల వివరం అడగాలని అక్కడ చట్టం ఉంది. అక్కడి కంపెనీల కోసం చేసిన ఫారంలో ఆ ప్రశ్న అచ్చేసి ఉంటుంది. మన ఆర్టిస్టు మీటల గుండ్రతనం చూశాడు గానీ ఆ ప్రశ్న తీసేయడం మరిచిపోయాడు. ఆ చట్టం ఏ అమెరికా సైనికుడి మేలు కోసం చేశారో గానీ, చివరికి తాండూరు పిల్లగాడి గుండెల్లో రాయి పడింది.

ఇక యంత్రం మార్కులేసింది. ఉద్యోగ ప్రకటన పెద్ద స్టూడియో ప్రకటన చూసి ఎత్తి రాసింది కాబట్టి అందులో ఐదేళ్ల అనుభవం, ట్రిపుల్-ఏ స్థాయి ఆటలు రెండు విడుదల చేసి ఉండటం, ఒత్తిడిలో నాయకత్వ లక్షణాలు కావాలని ఉంది. జీతం పాతిక వేలు. పిల్లగాడి రెజ్యూమే రెండు వరుసలుగా, అందంగా ఉంది. యంత్రం ఎడమ వరుసను, కుడి వరుసను కలిపి చదివేసింది. సీ షార్ప్‌లో షార్ప్ రాలిపోయి ఒట్టి సీ మిగిలింది. ఊరు తాండూరు, పెట్టిన హద్దు పాతిక కిలోమీటర్లు. ఇదే వికారాబాద్ నుంచి పొద్దున్నే రైలెక్కి లింగంపల్లిలో దిగి ఉద్యోగాలు చేసి రాత్రికి ఇల్లు చేరేవాళ్లు బోలెడు మంది. ఆ సంగతి యంత్రానికి ఎవరూ చెప్పలేదు. నూటికి ముప్పై ఎనిమిది మార్కులు. యాభై దాటనివాళ్లకు దానంతటదే ఉత్తరం పోయేలా అమర్చారు. అర్ధరాత్రి దాటాక మెయిల్ వచ్చింది. "మీ ప్రతిభ మమ్మల్ని ఎంతగానో ఆకట్టుకుంది. అయినప్పటికీ..."

ఆకట్టుకున్నది ఎవరిని? ఆరుగురూ నిద్రపోతున్నారు. "బండల లారీ" లింకును ఒక్కరు కూడా తెరవలేదు.

కొలువుల విషయంలో దెబ్బలు తినడం మన పిల్లలకు కొత్త కాదు. 2022 అక్టోబరులో తెలంగాణ గ్రూప్-1 ప్రిలిమ్స్ రాస్తే 2023 మార్చిలో రద్దన్నారు. జూన్‌లో మళ్లీ రాస్తే సెప్టెంబరులో హైకోర్టు రద్దు చేసింది. ఎంత ఏడ్చినా, మొదటిసారి పేపర్ లీకయిందని, రెండోసారి బయోమెట్రిక్ తీసుకోలేదని కారణం తెలిసింది. కోర్టుకు పోవడానికి తలుపు ఉంది. ఆరుగురి స్టూడియో అర్ధరాత్రి పంపిన మెయిల్‌కు కారణమూ లేదు, తలుపూ లేదు. కింద "ఈ చిరునామాకు జవాబు రాయవద్దు" అని మాత్రం ఉంది.

చిన్నవాళ్లు తెలియక చేశారు, పెద్దవాళ్లయితే జాగ్రత్తగా చేస్తారు అనుకునేవాళ్ల కోసం అమెజాన్ సంగతి చెప్పాలి. 2014 నుంచి ఆ కంపెనీ ఒక యంత్రాన్ని తయారుచేసుకుంది, రెజ్యూమేలకు ఒకటి నుంచి ఐదు దాకా నక్షత్రాలు ఇవ్వడానికి. పదేళ్ల పాత రెజ్యూమేలు చూపించి నేర్పారు. ఆ పదేళ్లలో దరఖాస్తు చేసినవాళ్లు ఎక్కువగా మగవాళ్లు. యంత్రం తెలివైనది కదా, మగవాళ్లే మంచివాళ్లని నేర్చుకుంది. రెజ్యూమేలో మహిళల చెస్ క్లబ్ అని ఉంటే మార్కులు కోసింది. దిద్దాలని చూసి, ఇంకెక్కడ ఏ వంకర దాగుందో నమ్మకం లేక చివరికి మూటగట్టేశారు. 2018 అక్టోబరులో రాయిటర్స్ బయటపెట్టింది. అన్నట్టు మన స్టూడియోలో ఆరుగురూ మగవాళ్లే. అది వేరే సంగతి. నిజానికి వేరే సంగతేం కాదు, అదే సంగతి.

2021లో హార్వర్డ్ బిజినెస్ స్కూల్, యాక్సెంచర్ కలిసి ఒక నివేదిక వేశాయి. అమెరికా, బ్రిటన్, జర్మనీల్లో కంపెనీల పెద్దలను అడిగితే, ప్రకటనలో రాసినవన్నీ అక్షరాలా సరిపోలేదన్న కారణంతో మంచి నైపుణ్యం ఉన్నవాళ్లు కూడా ఈ వడపోతలో పోతున్నారని 88 శాతం మంది ఒప్పుకున్నారు. ఒప్పుకుని ఏం చేశారు? వాడుతూనే ఉన్నారు.

దరఖాస్తు పెట్టేవాళ్ల వైపు కూడా దుకాణాలు వెలిశాయి. వందలో 75 రెజ్యూమేలను మనిషి కంట పడకుండానే యంత్రం చెత్తబుట్టలో వేస్తుందని ఒక అంకె ఊరూరా తిరుగుతోంది. దాని మొదలు వెతుక్కుంటూ పోయినవాళ్లకు తేలిందేమిటంటే, అది ఎప్పుడో మూతపడ్డ ప్రెప్టెల్ అనే అమెరికా కంపెనీ చెప్పిన మాట. ఆ కంపెనీ వ్యాపారం ఏమిటో తెలుసా? రెజ్యూమేలను యంత్రానికి నచ్చేలా దిద్దిపెట్టడం. ఇప్పుడు అమీర్‌పేట కోచింగ్ బోర్డుల పక్కన "ఏటీఎస్ ఫ్రెండ్లీ రెజ్యూమే" ఒక కొత్త కోర్సు, ఏటీఎస్ అంటే ఈ వడపోత యంత్రమే. పిల్లగాడు చాట్‌జీపీటీతో రాయిస్తాడు, స్టూడియో ఏఐతో దిద్దిస్తుంది. మధ్యలో మనుషులు ఫీజులు కడతారు.

ఇప్పుడొక లెక్క వేద్దాం. వికారాబాద్ స్టూడియోకు అరవై దరఖాస్తులు వచ్చాయనుకోండి, నేను ఉదారంగానే చెబుతున్నాను. ఒక్కొక్కరు పంపిన ఆటను ఐదేసి నిమిషాలు ఆడితే మొత్తం ఐదు గంటలు. ఆరుగురూ పంచుకుంటే తలకు యాభై నిమిషాలు. అదీ ఏదో కష్టం కాదు, ఆట ఆడటం. ఆటలు తయారుచేసి బతుకుదామని వికారాబాద్ దాకా వచ్చినవాళ్లకు యాభై నిమిషాలు ఆడే తీరిక లేదు. సాఫ్ట్‌వేర్ ఎంచుకోవడానికి మాత్రం షీట్లు, డెమోలు, మెట్లు, స్కోర్‌కార్డులతో నెల పట్టింది. చాయ్ తాగేటప్పుడు కూడా దాని మాటలే. నాకు అర్థమైనంతలో వీళ్లు కొన్నది ఎంచుకునే సాధనం కాదు. చూడకుండా ఉండే హక్కు. ఎదుటివాడి పని చూసి, నచ్చలేదని సొంత నోటితో చెప్పాలంటే ఇబ్బంది. నచ్చిందని చెప్పాలంటే భయం, రేపు తప్పయితే? మధ్యలో ఒక అంకె ఉంటే ఆ రెండు బాధలూ తప్పుతాయి. "మేం కాదన్నా, సిస్టమ్ వద్దంది."

తాండూరు దగ్గర ఓగిపూర్ క్వారీల వైపు బండ తెలిసినవాడు బండను కొలిచి ఊరుకోడు, సుత్తితో చిన్నగా తట్టి వింటాడు. ఖంగుమంటే మంచిది. బొంగురుగా పలికితే లోపల చీలిక ఉన్నట్టే, పైన ఎంత నున్నగా ఉన్నా సరే. ఆటను తట్టి చూడటమంటే ఆడటమే. వేరే ఉపాయం లేదు.

ఫ్రాన్స్‌లో మాంపెల్యేలో 2020లో శాండ్‌ఫాల్ ఇంటరాక్టివ్ అని ఒక స్టూడియో మొదలైంది. పెద్ద కంపెనీ యూబీసాఫ్ట్ వదిలి వచ్చిన గియోమ్ బ్రోష్ పెట్టింది. దాని సంగీతకారుడు లోరియన్ టెస్టార్ అంతకుముందు ఏ వీడియో గేమ్‌కూ పనిచేయలేదు. ఆయన సౌండ్‌క్లౌడ్‌లో పెట్టుకున్న బాణీలు విని పిలిచారు. ప్రధాన రచయిత జెన్నిఫర్ స్వెడ్‌బర్గ్-యెన్ రెడిట్‌లో డబ్బింగ్ గొంతులు కావాలన్న ప్రకటన చూసి వచ్చిన మనిషి. గొంతు కోసం వచ్చి కథ చేతిలోకి తీసుకుంది. మన ఆర్టిస్టు అమర్చిన ఏడు మెట్లలో వీళ్లిద్దరూ మొదటి మెట్టు దగ్గరే జారిపడేవాళ్లు. గేమింగ్ అనుభవం ఎన్నేళ్లు? సున్నా. వాళ్లు చేసిన "క్లెయిర్ ఆబ్‌స్క్యూర్: ఎక్స్‌పెడిషన్ 33" 2025 ఏప్రిల్‌లో విడుదలై, డిసెంబరులో గేమ్ అవార్డ్స్‌లో ఆ ఏటి మేటి ఆటగా నిలిచింది.

సరే, ఎదుటివాళ్ల పక్షాన ఒక బలమైన వాదన ఉంది, దాన్ని దాటేసి పోకూడదు. మన దగ్గర సాఫ్ట్‌వేర్ లేకపోతే దాని స్థానంలో నిలబడేది ప్రతిభ కాదు, బావమరిది. "మనోడే" అన్న ఒక్క ముక్కతో ఎన్ని కుర్చీలు నిండాయో వికారాబాద్‌లోనూ తెలుసు, తాండూరులోనూ తెలుసు. ఆ వాట్సాప్ ముక్క కూడా ఎవరి గ్రూపులో పడుతుంది? ఫౌండర్ కాలేజీ గ్రూపులో, ఫౌండర్ కులం గ్రూపులో. తాండూరు పాలిషింగ్ యూనిట్ దాకా అది రాదు. అందుకని యంత్రమే నయం అంటారు. అనొచ్చు. కానీ బావమరిదిని ఆపేది సాఫ్ట్‌వేర్ కాదు, నియమం. ప్రకటన నలుగురూ చూసే చోట వేయండి. పేర్లు మూసేసి ముందు ఆటలు ఆడండి. అందులో నచ్చిన నలుగురికి ఒకటే చిన్న పని ఇవ్వండి, ఆ పనికి డబ్బివ్వండి. టెస్టు పేరుతో వారం రోజులు ఊరికే పనిచేయించుకుని, ఆ కోడ్‌ను గేమ్‌లో కలుపుకునే అలవాటు గురించి ఇక్కడ విడిగా తిట్టాలని ఉంది గానీ అది ఇంకో వ్యాసం. ఇంత చేశాక కూడా బావమరిదే గెలిస్తే, కానివ్వండి, వాడికి పని వచ్చన్నమాట. ఈ నియమం లేకుండా సాఫ్ట్‌వేర్ కొన్నారా, బావమరిది రెఫరల్ అనే రాజమార్గంలో, ఏడు మెట్లూ ఎక్కకుండా లిఫ్టులో పైకొస్తాడు. ఆ మీట అన్ని సాఫ్ట్‌వేర్లలోనూ ఉంటుంది.

ఇంకోటి. దరఖాస్తుదారుల ఫోన్ నంబర్లు, పుట్టిన తేదీలు, తండ్రి పేర్లు, ఇంటి చిరునామాలు ఆ యంత్రం కడుపులో పడుంటాయి. 2023లో మన పార్లమెంటు డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చేసింది, పని అయిపోయాక సమాచారం తుడిచెయ్యాలంటుంది. ఆరుగురిలో ఎవరు తుడుస్తారు? మెక్‌డొనాల్డ్స్ వాళ్ల కొలువులకు దరఖాస్తులు తీసుకునే ఒలీవియా అనే చాట్‌బాట్ ఉంది, ప్యారడాక్స్ అనే కంపెనీ చేసింది. 2025లో ఇద్దరు భద్రతా పరిశోధకులు దాని నిర్వాహకుల తలుపు తట్టి చూశారు. పాస్‌వర్డ్ 123456. లోపల 6 కోట్ల పైచిలుకు రికార్డులు తెరుచుకునేంత దారి కనిపించింది. ఎన్నెపల్లి మేడ మీది పాస్‌వర్డ్ ఏమై ఉంటుందో నేను ఊహించను.

ఒక్క మనిషి కోసం కావాల్సిన సామగ్రి ఇంతే. ఒక షీటు. పేరు, ఫోన్, ఆట లింకు, ఆడి చూసినవాడి అభిప్రాయం, జవాబిచ్చామా లేదా. అరవై మందిలో యాభై తొమ్మిది మందికి ఆట ఆడిన మనిషే రెండు ముక్కలు రాయాలి. "రెండో లెవల్‌లో వర్షం బాగుంది, మొదటి లెవల్‌లో బ్రేకు ఆలస్యంగా పడుతోంది, చూస్కో." ఆ ముక్క అందుకున్న పిల్లగాడు కొలువు రాకపోయినా బ్రేకు బాగుచేసుకుంటాడు.

మన స్టూడియోలో మాత్రం ఇదేం జరగలేదు. యాభై మార్కులు దాటినవాళ్లు ముగ్గురే తేలారు. ముగ్గురికీ ఐదేళ్ల అనుభవం ఉంది, ముగ్గురూ జీతం విని నవ్వారు. కుర్చీ ఖాళీగానే ఉంది. ఈలోగా త్రీడీ ఆర్టిస్టు ఒక సోమవారం పొద్దున రాజీనామా ఇచ్చాడు. "బొమ్మలు గీసుడు మర్శిపోయిన్నన్నా" అన్నాడట. ఫౌండర్ బాధపడ్డాడు గానీ అధైర్యపడలేదు. సిస్టమ్ ఉంది కదా. ఆర్టిస్టు కావలెనని కొత్త ప్రకటన వేయబోయాడు. తెర మీద ఒక పెట్టె తెరుచుకుంది. ఉచిత ప్లాన్‌లో ఒకసారికి ఒక ఖాళీయే చూపించవచ్చట. రెండోదానికి పై ప్లాన్‌కు మారాలి, ధర కోసం సంప్రదించాలి.